బేబే చావుకి జాతీయ పురస్కారం

ఆ ఉదయం మేజర్ సింగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వాకిట్లో షామియానా వేయాలి, జలేబీలు వేయించి మల్కే మాజ్రా ఊరంతా పంచాలి, రేపు తల్లిని కారెక్కించి చండీగఢ్ టీవీ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి. మేజర్ అన్నది అతని పేరే గానీ హోదా కాదు. సైన్యం గడప తొక్కని రైతు. అతని కొడుకు జోబన్ తీసిన 'చల్లారిన తందూర్' సినిమాకి ఉత్తమ పంజాబీ చిత్రంగా జాతీయ పురస్కారం ప్రకటించి ఇరవై నాలుగ్గంటలు కాలేదు. అందులో నాయిక ఎవరో కాదు, మేజర్ సింగ్ తల్లి ధన్న్ కౌర్. ఊరందరికీ బేబే, అంటే అమ్మ.

ఆ ప్రకటన పొద్దున జిల్లా పత్రికలో ఎలా వచ్చిందో చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. బొంబాయి హీరోకి పురస్కారం వస్తే అరపేజీ బొమ్మ. ఆయన బూట్లు కూడా పడ్డాయి. సొంత భాష సినిమాకి ఎరువుల ప్రకటన కింద నాలుగు వాక్యాలు! ఆ నాలుగైనా సరిగ్గా రాసి ఏడ్చారా అంటే అదీ లేదు. "బేబే చనిపోయే ఘట్టం జ్యూరీని కంటతడి పెట్టించిందట" అని జోబన్ ఫోన్లో చెబితే, విలేకరి సగం విని సగం నిద్రపోయి "పురస్కారం వేళ విషాదం: మల్కే మాజ్రా బేబే ఇక లేరు" అని శీర్షిక పెట్టాడు. సినిమా పేరు ఆఖరి వాక్యంలో ఉంది. అంతదాకా చదివే ఓపిక ఎవరికుంది?

మేజర్ సింగ్ పత్రిక చూడనేలేదు. ఫోన్ మోగుతూనే ఉంది.

"మేజరూ, ఇప్పుడే పేపర్లో చూశాన్రా. కాళ్ళూ చేతులూ ఆడటం లేదు," అన్నాడు నాజర్ సింగ్ బాబాయి.

"మాకూ అంతే బాబాయ్. రాత్రి నుంచీ ఎవరికీ నిద్ర లేదు."

"దిగులు పడకు. నిండు బతుకు బతికింది."

"దిగులెందుకు? జలేబీలు వేయిస్తున్నాం. డోలు వాళ్ళొస్తున్నారు."

"అలాగే చెయ్యాలి! తీసుకెళ్ళడం ఎప్పుడు?"

"రేపు పొద్దున. కారుకి పూలు కట్టిస్తున్నా."

"రేపటిదాకా అంటే, ఈ ఎండల్లో... చల్లగా ఉండే ఏర్పాటు చేశావా?"

"ఏసీ పెట్టించా బాబాయ్. బేబేకి ఏ లోటూ రానిస్తానా?"

బాబాయి ఏడుస్తూ ఫోన్ పెట్టేశాడు. ఆనందబాష్పాలనుకుని మేజర్ సింగ్ మురిసిపోయాడు. బాబాయిని తప్పుపట్టడానికీ లేదు. మనవల్నో మునిమనవల్నో ఎత్తుకున్న ముసలివాళ్ళు పోతే ఈ ప్రాంతంలో జలేబీలు వేయిస్తారు, బెలూన్లు కడతారు, డోలు కొట్టించి మరీ సాగనంపుతారు. పెళ్ళికీ ఆ చావుకీ తేడా తెలియాలంటే దగ్గరికెళ్ళి చూడాలి.

దగ్గరికొచ్చి చూసిన వాళ్ళకీ తేడా తెలియలేదు. కారణం బేబే. ఆవిడ పొద్దున్నే కొత్త సల్వార్ కమీజు తొడుక్కుని లోపలి గదిలో భీష్మించుకు కూర్చుంది.

"బసంత్ కౌర్ వచ్చి పిలిస్తే తప్ప గుమ్మం దాటను," అని కోడలు పరమిందర్‌కి తేల్చి చెప్పింది.

బసంత్ కౌర్ బేబేకి ఆడపడుచు, ముక్త్‌సర్‌లో ఉంటుంది. ఏళ్ళ కిందట ఒక పెళ్ళిలో నలుగురి ముందు, "మా వదిన వండిన ఆవాకు సాగ్‌లో ఇసుక పంటికి తగిలింది," అంది. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఇసుక! ధన్న్ కౌర్ సాగ్‌లో! ఆవాకుని నీళ్ళు మార్చి మార్చి, వేళ్ళు ముడతలు పడేదాకా కడిగే మనిషి మీద ఎంత నింద! అసలు మనవడి సినిమాలో నటించడానికి ఆవిడ ఒప్పుకున్నదే అందుకు. ఆకు కడగడం మొత్తం చూపించాలన్నది షరతు. ఇప్పుడు దేశమే మెచ్చింది. ఇక బసంత్ కౌర్ వచ్చి ఆ మాట వెనక్కి తీసుకోవాలి. బేబేకి కావాల్సిన పురస్కారం అదొక్కటే.

పది గంటలకల్లా తెల్ల తలపాగాలు, తెల్ల చున్నీలు వాకిట్లోకి రావడం మొదలైంది. మేజర్ సింగ్ నేల మీద తెల్లదుప్పట్లు పరిపించాడు. వచ్చినవాళ్ళు చేతులు జోడించి, తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరూ నవ్వడం లేదు. జలేబీలు మాత్రం తింటున్నారు.

"చదువుకున్నవాళ్ళ సినిమా కాబట్టి మర్యాదగా కూర్చున్నారు," అని మేజర్ సింగ్ సరిపెట్టుకున్నాడు.

పత్రిక మొదట జోబన్ చేతికొచ్చింది. చదివి తెల్లబోయాడు. అప్పుడే షామియానా మధ్యలో నిలబడి "బేబే బతికే ఉంది" అని అరిస్తే సరిపోయేది. కానీ అలా అరిస్తే, సినిమాలో తను చచ్చిపోయిందని బేబేకి తెలిసిపోతుంది. మధ్యాహ్నం మంచం మీద కునుకు తీస్తున్న నాయనమ్మని చెప్పకుండా చిత్రీకరించి, దాన్నే చావుగా చూపించిన ఘనుడు మరి! జ్యూరీని ఏడిపించినవాడికి నాయనమ్మ చేతికర్రంటే భయం.

"బేబే లోపల ప్రశాంతంగా ఉంది. ఎవరూ కదిలించకండి," అన్నాడు.

దాంతో ఉన్న కొద్దిపాటి అనుమానమూ తీరిపోయింది. ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. సరిగ్గా అప్పుడే డోలు వాళ్ళు అందుకున్నారు.

ఆ రణగొణధ్వనిలో ముక్త్‌సర్ నుంచి టెంపో వచ్చి ఆగింది. అందులోంచి బసంత్ కౌర్ దిగింది, దిగుతూనే గుండెలు బాదుకుంది.

"ఓ వదినా! నన్నొదిలి ఎలా పోయావే! నీ సాగ్‌లో ఇసుక లేదే వదినా! అందరూ నీ వంట మెచ్చుకుంటూ వేళ్ళు నాకుతుంటే కడుపుమంటతో అన్నానే! నా నాలుక పడిపోనూ!"

లోపల బేబే చెవులు రిక్కించింది. పరమిందర్ కంగారుగా లేచింది.

"అత్తయ్యా, వీళ్ళేదో పొరబడ్డట్టున్నారు. చెప్పొస్తానుండండి."

"కూర్చోవే! దాన్ని పూర్తిచెయ్యనీ."

బసంత్ కౌర్ పూర్తిచేసింది. ఆ పెళ్ళి నుంచి ఇంటికెళ్ళాక అలాంటి సాగ్ వండబోయి మూడుసార్లు మాడ్చిన సంగతి కూడా బయటపెట్టింది. అప్పుడు లోపలి గది తెర తొలగింది. నెమలికంఠం రంగు కమీజులో బేబే గుమ్మంలో నిలబడింది. డోలు ఆగింది. నాజర్ సింగ్ బాబాయి నోట్లో జలేబీ అలాగే ఉండిపోయింది.

"బసంత్ కౌరూ, ఆ ఇసుక సంగతి ఇంకోసారి గట్టిగా చెప్పు. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడలేదు."

బసంత్ కౌర్ మొహం ఎర్రబడింది. "బతికే ఉన్నావా? సిగ్గులేదూ! దారి పొడుగునా ఏడ్చి ఏడ్చి నా గొంతు పోయింది. టెంపోలో ఆడవాళ్ళందర్నీ ఏడిపించా!"

"నేను చచ్చానని నీకెవరు చెప్పారే?"

"ఇదిగో, పేపర్లో పడింది!"

పత్రిక చేతులు మారి మేజర్ సింగ్ దగ్గరికొచ్చింది. ఆఖరి వాక్యం చదివి అతను కొడుకు వైపు చూశాడు. వాకిలంతా అటే చూసింది. జోబన్ నసుగుతూ నిజం చెప్పాడు.

"నిద్రపోతుంటే చంపేశావట్రా?" బేబే చేతికర్ర అందుకుంది. "పాలిచ్చే గేదెని కూడా చెప్పకుండా ముట్టుకోం. నన్ను మాత్రం చెప్పకుండా చంపుతావా? చండీగఢ్ లేదు, గిండీగఢ్ లేదు. పో!"

"ఆగు వదినా," అంది బసంత్ కౌర్ కళ్ళు తుడుచుకుంటూ. "ముందు వీడు నిన్నెలా చంపాడో చూడనీ. మా ఇంటి కోడలు చచ్చిన తీరు జ్యూరీ చూడొచ్చు, మేం చూడకూడదా?"

నిజమే, ఎవరు చూశారు గనక? బటిండాలో ఒక హాలువాడు పొద్దున తొమ్మిదింటికి ఒకే ఒక్క ఆట దయచేశాడు. ఇందులో డాన్సు లేదు, కెనడాలో తీసిన పాట లేదు అని ఈసడించి మర్నాడే ఎత్తేశాడు. బేబే కూడా చూడలేదు. పొద్దు వాలగానే, పరామర్శకొచ్చినవాళ్ళు కూర్చున్న దుప్పట్లలో రెంటిని కలిపి కుట్టి గోడకి కట్టారు. తెల్లబట్టల జనం కదలకుండా కూర్చుని చూశారు. తెర మీద బేబే ఆకు కడిగింది, నీళ్ళు పారబోసింది, మళ్ళీ కడిగింది. ఎవరూ విసుక్కోలేదు. ఆఖర్న మంచం మీద కళ్ళు మూసుకున్నప్పుడు, పగలంతా ఏడ్చినవాళ్ళు మళ్ళీ ఏడ్చారు. ఈసారి చప్పుడు లేదు. వెక్కిళ్ళు పెట్టింది ఒక్క బేబే మాత్రమే.

"పాపం, మంచి మనిషి," అంది ముక్కు చీదుతూ.

"చావు బాగానే ఉంది," అంది బసంత్ కౌర్. "నోరు తెరుచుకుని చచ్చావు, అదొక్కటే బాగోలేదు."

"ఆకు కడగడం చూశావుగా?"

"చూశా."

"ఇసుక?"

"లేదు వదినా. లేదు."

బేబే కర్ర పక్కన పెట్టి, మనవణ్ణి దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి వేసింది. "రేపు కార్లో మీ ముక్త్‌సర్ నాయనమ్మకీ చోటుంచు. టీవీలో ఆ మాట దాని నోటితోనే చెప్పిద్దాం," అంది.

మర్నాడు పత్రిక సవరణ వేసింది. బేబే క్షేమమని, జలేబీలు రుచిగా ఉన్నాయని రాసింది; పురస్కారం సంగతి స్థలాభావం వల్ల రాయలేదు.