పక్క సీట్లో ఆకుపచ్చ రెయిన్‌కోటు

ఆ శనివారం ఉదయం ఎబర్‌హార్ట్ క్నాప్ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. మధ్యాహ్నం భార్య గెర్లిండెను తన ఎర్ర స్పోర్ట్స్ కారులో కొండ అవతలికి తీసుకెళ్లి ఉల్లిపాయల కేకు, కొత్త వైను ఇప్పించాలి. ఆ లోగా, ఆవిడకు తెలియకుండా, ఆవిడ కుట్రను బయటపెట్టాలి.

కుట్ర ఉందన్నది ఆయనకు అనుమానం కాదు, నమ్మకం. రిటైరయ్యాక ఆ కారు కొన్నప్పుడు గెర్లిండె ఒక్కటే షరతు పెట్టింది. "మొదటి మంచు పడేదాకా చూస్తాను. ఈలోగా పేచీ పెట్టిందంటే, అమ్మేసి కర్టెన్లున్న వ్యాను కొనుక్కుందాం. అందులో పడుకోవచ్చు, వంట చేసుకోవచ్చు." సెలవుల్లో కూడా వంట చేసుకోవాలనుకునే మనిషిని ఎబర్‌హార్ట్ ఆ రోజు నుంచే ఓ కంట కనిపెడుతున్నాడు.

అక్టోబరు వచ్చింది, పేచీ వచ్చింది. ఒంటరిగా వెళ్తే కారు తిప్పినట్టల్లా వెన్నలా పోయేది. గెర్లిండె పక్కన కూర్చుంటే మాత్రం, యాపిల్ రసం గానుగ దగ్గరి వంపులో డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం మిణుకుమనేది. పాదం కింద గరగరమని చప్పుడు. ఇంజను ఊపిరి బిగబట్టినట్టు తగ్గిపోయేది.

"ఏంటది?" అంది గెర్లిండె మొదటిసారి.

"ఏం లేదు."

"ఏదో మిణుకుమంది."

"ఎండ."

"వాన పడుతోంది, ఎబర్‌హార్ట్."

కారుతో వచ్చిన పుస్తకం తిరగేశాడు. స్టీరింగు ఒకవైపు చూపిస్తుంటే కారు మరోవైపు జారిపోయినప్పుడు, స్టెబిలిటీ కంట్రోల్ ఇంజను జోరు తగ్గించి, అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేకు వేసి, బండిని దారిలో పెడుతుందట. అది పనిచేస్తున్నప్పుడు దీపం మిణుకుమంటుందట. పనిచేస్తోంది, సరే. ఎవరి తరఫున? సర్వీసింగుకు కారు తీసుకెళ్లడానికి వచ్చిన మెకానిక్కుకు గెర్లిండె ప్లమ్ కేకు పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఊరికే కేకు ఎవరు పెడతారు? పక్క సీటు కింద ఏదో బిగించి ఉంటారు. ఆవిడ బరువు పడగానే కారు మొరాయించాలి, అంతే.

తేల్చుకోవడం సులువే. గెర్లిండె భవనం మెట్లు తుడిచే పనిలో ఉండగా, ఆయన నేలమాళిగ నుంచి చలికాలానికి కొన్న బంగాళాదుంపల మూటలు రెండు మోసుకొచ్చి పక్క సీట్లో కూర్చోబెట్టాడు. తోలు సీటు పాడవకుండా వాటికి గెర్లిండె పాత ఆకుపచ్చ రెయిన్‌కోటు తొడిగాడు. బెల్టు పెట్టకపోతే కారు కూ కూ అని గోల చేసింది కాబట్టి బెల్టూ పెట్టాడు. కోటు టోపీ జారితే సరిచేశాడు. ఎండ బాగుందని కారు పైకప్పు తీసేసి బయల్దేరాడు.

పై అంతస్తు హేబెర్లె కిటికీలోంచి చూసింది బెల్టు పెట్టడం, టోపీ సరిచేయడం మాత్రమే. క్నాప్ దంపతులూ ఆయనా ఎన్నో ఏళ్లుగా ఒకే భవనంలో ఉంటూ ఇప్పటికీ మీరు అనే పిలుచుకుంటారు. ఆయన గబగబా కిందికి దిగి, మెట్ల మీద గెర్లిండెను చూసి ఆగిపోయాడు.

"మీరిక్కడున్నారేంటి?"

"ఈ వారం మెట్లు నా వంతు. ఎక్కడుండాలి?"

"మీవారు ఇప్పుడే మీతో కారులో వెళ్లారు. అంటే, మీ రెయిన్‌కోటుతో. బెల్టు ఆయనే పెట్టారు. ఎంత జాగ్రత్తగానో."

గెర్లిండె తడిగుడ్డను పిండింది. నీళ్లు అయిపోయాక కూడా పిండుతూనే ఉంది. "నాకెప్పుడూ పెట్టలేదు," అంది. "ఎలా ఉంది మనిషి?"

"ఒకరి ఒడ్డూ పొడుగూ గురించి నేను మాట్లాడను. కాస్త పుష్టిగానే ఉంది."

"మీ కారు తీయండి."

సగం తుడిచిన మెట్లు వదిలి ఎవరైనా బయటికి వెళ్లడం ఆ భవనంలో అంతవరకు జరగలేదు. పరిస్థితి ఎంత తీవ్రమో హేబెర్లెకు అప్పుడు అర్థమైంది.

ఈలోగా గానుగ వంపులో దీపం మూటలకూ మిణుకుమంది. ఎబర్‌హార్ట్ సంతృప్తిగా తలాడించాడు. ఇక ఆ దీపం వెనకున్న గూఢచారి నోరు మూయించి, అది లేకపోతే కారు బుద్ధిగా పోతుందని రుజువు చేయడమే మిగిలింది. వెనక్కి తిప్పుకొచ్చి, స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా ఆగిపోయేదాకా దాని మీటను నొక్కి పట్టుకుని, అదే వేగంతో మళ్లీ వంపులోకి దిగాడు.

దీపం మిణుకుమనలేదు. గరగర లేదు. కారు వెనక భాగం మాత్రం తానే ముందు వెళ్దామనుకుంది. లోకం ఆయన చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగింది, కారు తోటలో తడిగడ్డి మీద ఆగింది. బెల్టు మూటలను పట్టి ఉంచింది. రెయిన్‌కోటు మాత్రం బెల్టు కింద నుంచి జారి ఎగిరిపోయింది.

యాపిల్ బస్తాలతో గానుగ దగ్గర వరసలో నిలబడ్డవాళ్లు చూసింది అదొక్కటే. ఆకుపచ్చ కోటులో ఉన్న ఒకావిడ కారులోంచి గాల్లోకి లేచింది. అంబులెన్సు వచ్చింది, అగ్నిమాపక దళం వచ్చింది, పోలీసు ఆఫీసరు రోమీ షెంక్ వచ్చింది.

"మీ పక్కన కూర్చున్నావిడ ఎక్కడ?"

"మెట్లు తుడుస్తోంది," అన్నాడు ఎబర్‌హార్ట్.

"సార్, తలకేమైనా తగిలిందా?"

"పక్కనున్నవి బంగాళాదుంపలు. నా భార్య బదులు పెట్టాను."

చెట్ల కింద వెతుకుతున్న దళం వెతకడం మానేసింది. సరిగ్గా అప్పుడే హేబెర్లె కారు ఆగి, గెర్లిండె దిగి, మూటల ముందు నిలబడింది.

"ఇది నేనా?"

"తూకం కోసం," అన్నాడు ఎబర్‌హార్ట్.

"రెండు మూటలా? ఒక్కోటి ఎంత?"

గానుగ వరస అంతా చెవులు రిక్కించింది. "ఇరవై కిలోలు," అన్నాడాయన. మూట మీద నలభై అని అరచేయంత అంకెలున్నాయి. ఆఫీసరు షెంక్ ఏమీ ఎరగనట్టు సీటులోకి వంగి, ఆ వైపు కనబడకుండా మూటను తిప్పింది.

"మీరు ఒంటరిగా వెళ్లేది ఏ దారిన?" అని అడిగింది, ఆయన దీపం సంగతీ మీట నొక్కిన సంగతీ చెప్పాక.

"పెద్ద రోడ్డు."

"ఆవిడతో?"

"ఇటు. తనకి చెట్లంటే ఇష్టం."

ఆమె రోడ్డు మీదికెళ్లి బూటు కొన ఆనించింది. అది సర్రున జారింది. "ట్రాలీల్లోంచి రాలిన యాపిళ్లు నలిగి రోడ్డు సబ్బులా ఉంది. ఆ దీపం మిమ్మల్ని వచ్చినప్పుడల్లా కాపాడింది. మీరు దాన్నే ఆపేశారు. ఇవాళ మీరు నడపొద్దు."

కారుకు గీత కూడా పడలేదు. అయినా ఇక అమ్మకమే అనుకుంటూ ఎబర్‌హార్ట్ మూటలు హేబెర్లెకు అప్పగించి పక్క సీట్లో కూర్చున్నాడు. గెర్లిండె మీటను మళ్లీ నొక్కి స్టీరింగు పట్టుకుంది. వంపులో దీపం మిణుకుమంది, కారు సర్దుకుంది. ఆవిడ కొంత దూరం పోయి, వెనక్కి తిప్పి, మళ్లీ వంపులోకి దిగింది, ఈసారి ఇంకాస్త జోరుగా.

"చూశావా," అంది. "తప్పని చెప్పింది, సర్దింది, ఊరుకుంది. సాయంత్రం దాకా ఎత్తిపొడవదు."

"ఇల్లు అటు," అన్నాడు ఎబర్‌హార్ట్ తలుపు పట్టుకుని.

"తెలుసు."

కొండ అవతల ఉల్లిపాయల కేకు తింటూ, అమ్మకం ప్రకటన ఎప్పుడిద్దామని ఆయనే బిక్కుబిక్కుమంటూ అడిగాడు.

"నీకేమైనా పిచ్చా?" అంది గెర్లిండె.

అలా కారు ఇంట్లోనే ఉండిపోయింది. అది ఏ పూట ఇంట్లో ఉంటుందో మాత్రం ఎబర్‌హార్ట్‌కు ఎవరూ ముందుగా చెప్పడం లేదు.