ఏడు నీళ్లు, ఇరవై విజిల్స్

ఆదివారం చర్చి నుంచి రాగానే కొడుకు నెహెమ్యాకు మేక మాంసం వండిపెట్టాలనుకుంది అమృతమ్మ. మంగళవారం తెల్లారి సంగారెడ్డిలో వాడికి పోలీసు ఉద్యోగపు పరుగు పరీక్ష. పోయినసారి కంగ్టిలో చుట్టాల విందు తిని, మైదానంలో పరుగెత్తాల్సినవాడు మరుగుదొడ్డికి పరుగెత్తాడు. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. బలానికి మాంసం కావాలి, మాంసమంటేనేమో ఆమెకు భయం.

నారాయణఖేడ్ అంగడిలో మురుగు మోరీ పక్కనే ధర్మేందర్ మాంసం కొడుతున్నాడు.

"ఏంది ధర్మేందర్, ఈగలను గూడ తూకమేస్తున్నవా?"

"ఈగలు ఊకెనే ఇస్తున్న అక్కా. పొద్దుగాల కోసిన మేక, ఏం గాదు."

"నీకేం గాదు. తినేది నా కొడుకు."

వాడు నల్లగా మాసిన గుడ్డతో కత్తి తుడుచుకున్నాడు. అమృతమ్మకు అక్కడే సగం ప్రాణం పోయింది.

అయినా కొనుక్కుని ఇంటికొచ్చి, మాంసాన్ని ఏడు నీళ్లతో కడిగింది. వంటిల్లంతా చిందింది. పెద్ద ముక్కలను కత్తిపీట మీద చిన్నగా కోసింది. కత్తిపీటను కొంగుతో తుడిచి, దాని మీదే నంజుకునేందుకు ఉల్లిగడ్డలు తరిగింది. తరువాత కుక్కర్ ఎక్కించి ఇరవై విజిల్స్ రానిచ్చింది.

"మన ఖేడ్‌కు గూడ రైలొచ్చిందా అక్కా?" అని గోడ అవతలి నుంచి పక్కింటి హన్మమ్మ అడిగింది.

మొదటి గిన్నె మొగుడు గిద్యోను ముందు పెట్టింది.

"ఉల్లిగడ్డ ఏది?"

"నీకు లేదు. ఏమన్నయితే మాంసంతోనే అయిందని ఎరుకగావాలె."

ఐదు నిమిషాలకోసారి వచ్చి, "పానం ఎట్లున్నది?" అని అడిగింది. నాలుగోసారి జవాబు రాలేదు. గిద్యోను నోరు తెరుచుకుని పడున్నాడు. అమృతమ్మ పెట్టిన కేకకు వాడకట్టంతా ఉరికొచ్చింది. నలుగురు ఎత్తి ఆటోలో వేశాక ఆయన ఆవలించి కళ్లు తెరిచాడు.

"ఎటు వోతున్నం?"

"దవాఖానకు."

"అయ్యో, ఎవలకేమైంది?"

జనం తిట్టుకుంటూ వెళ్లిపోయారు. అయినా అమృతమ్మకు నమ్మకం కుదరలేదు. కొడుక్కి రెండే ముక్కలు వేసి, పళ్లెం నిండా ఉల్లిగడ్డ పెట్టింది. "ఇది తిను బిడ్డా, సలువ." తానైతే మాంసం ముట్టలేదు. మజ్జిగన్నంలో ఉల్లిగడ్డే నంజుకుంది.

సోమవారం మధ్యాహ్నానికి తల్లీకొడుకులిద్దరికీ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి దవాఖానలో పక్కపక్క మంచాలు దొరికాయి.

"ఆ ధర్మేందర్‌గాని మాంసమే సిస్టరమ్మా! వాడు నాశనంగాను!" అని నర్సు ముందు శాపనార్థాలు పెట్టింది అమృతమ్మ.

"నువ్వు తిన్నవా?"

"నేను ముట్టనే లేదు. ఉల్లిగడ్డ తిన్న, గంతే."

"దేని మీద కోసినవ్?"

అమృతమ్మ చెప్పింది. కొంగు సంగతి కూడా చెప్పింది.

"మాంసమైతే ఉడికింది," అంది సిస్టరమ్మ సెలైను సరిచేస్తూ. "ఉల్లిగడ్డ ఉడికిందా అమ్మా?"

మంగళవారం తెల్లారింది. సంగారెడ్డిలో పరుగు మొదలయ్యే వేళకు నెహెమ్యా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమృతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వెంటనే ఏ కొంగో గుర్తొచ్చి ఉమ్మేసింది.

రెండు మంచాల నడుమ స్టూలు మీద కూర్చున్న గిద్యోను మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు. ఐదు నిమిషాలకోసారి అటూ ఇటూ చూసి, "పానం ఎట్లున్నది?" అని అడిగాడు.

ఇంట్లో మిగిలిన కూరంతా ఆయనే తిని వచ్చాడు, బాగా ఉడికిందట.