ఒక్కటీ మాడలేదు

ఆ గురువారం పొద్దున ప్రూఫు బాబాయ్ పెట్టుకున్న పనులు మూడే. పదకొండింటికల్లా పుస్తకంలో మిగిలిన ఒక్క పేజీని ప్రెస్సుకు ఒప్పజెప్పాలి. రెండింటికి బల్ల సర్దుకోవాలి. మూడింటికి సెలవు చీటీ పెట్టి ఇంటికెళ్లి, వారం రోజులుగా కారుతున్న కుళాయి బాగుచేయించి భార్య నోరు మూయించాలి.

విశ్వవిద్యాలయంలో పూర్వ విద్యార్థుల విభాగం గుమాస్తా ఆయన. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. అచ్చుతప్పు కంటబడితే అన్నం సయించదు. అది పెళ్లి కార్డయినా, మందుల చీటీ అయినా, పక్కింటి గేటు మీద కుక్క బోర్డయినా జేబులోంచి ఎర్రకలం బయటికి వస్తుంది. ఒకసారి తనకే వచ్చిన మెమోలో మూడు తప్పులు దిద్ది, కింద సంతకం పెట్టి వెనక్కి పంపాడు. అప్పటినుంచి చిన్నాపెద్దా అంతా ఆయన్ని ప్రూఫు బాబాయ్ అనే పిలుస్తున్నారు.

శనివారం విశ్వవిద్యాలయం డెబ్బై అయిదేళ్ల పండగ. ఆ సందర్భంగా ఇక్కడ చదివి గొప్పవాళ్లయిన నలభై మంది గురించి చిన్న పుస్తకం వేస్తున్నారు. బాబాయ్ ఆ ఊరు దాటి ఎప్పుడూ వెళ్లలేదు గాని, ఈ నలభై మంది ఎక్కడెక్కడికి వెళ్లారో, ఏమేం సాధించారో కళ్లకు కట్టినట్టు చెబుతాడు. నలభై వేల కళ్లకు చూపు తెప్పించిన డాక్టరు గారు, కొత్త తోకచుక్కను కనిపెట్టిన ఖగోళ శాస్త్రవేత్త, లంచం ఇవ్వబోయిన వాడి చేతే కోర్టు మెట్లు కడిగించిన జడ్జి గారు, అందరూ ఆయనకు దగ్గర చుట్టాల్లాంటివాళ్లే. వాళ్లు ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదన్నది వేరే విషయం.

నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది వివరాలు ఎప్పుడో వచ్చాయి. రానిది వంతెనల ఇంజనీరమ్మది. ఇంజనీరింగు విభాగంలో చదివిన మొదటి ఆడపిల్ల. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. ఆవిడ పేజీ ఖాళీగా ఉంచి మిగతాదంతా అచ్చుకు పంపేశారు. సరిగ్గా గురువారం పొద్దున ఆవిడ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. దాని మీద మూడే ముక్కలు: "వంతెనలు. ముప్పై ఏడు. ఒక్కటీ కూలలేదు."

బాబాయ్ ఆ కార్డును రెండుసార్లు చదివి కళ్లు తుడుచుకున్నాడు. నలభై ఏళ్ల కష్టాన్ని ఒక కార్డుముక్కలో చెప్పిన మనిషిని ఆయన అంతవరకు చూడలేదు. పేజీలో ఆవిడ పేరు కింద ఈ మాటలు మాత్రమే యథాతథంగా వేయాలని, వెంటనే ప్రెస్సుకు ఫోను చేసి ఆపరేటరుకు చదివి వినిపించాడు. అవతల మూడు యంత్రాలు తిరుగుతున్నాయి. ఆపరేటరు తను విన్నదాన్ని తిరిగి చదివాడు. ఇవతల బాబాయ్‌కి అందులో సగం యంత్రాల మోత, సగం "ముప్పై ఏడు" వినిపించాయి. అంకె సరిపోయింది కాబట్టి సరేనన్నాడు.

ప్రెస్సులో జరిగింది ఇదీ. ఆపరేటరు చెవికి "వంతెనలు" కాస్తా "వంటలు"గా చేరింది. అతను పనిమంతుడు. బుర్ర వాడకుండా అక్షరాలు కూర్చే రకం కాదు. వంటలు కూలడమేమిటని ఒక్క క్షణం ఆలోచించి, ముసలాయన తొందరలో తప్పు చెప్పి ఉంటాడని, తన వంతు సాయంగా దిద్దాడు. పందొమ్మిదో పేజీ ఇలా తయారైంది: "వంటలు. ముప్పై ఏడు. ఒక్కటీ మాడలేదు."

మధ్యాహ్నం ప్రూఫు కాగితం వచ్చే వేళకు బాబాయ్ ఇంటికెళ్లి కుళాయి పక్కన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్లంబరు ముట్టుకోగానే అది కారడం మానేసి చిమ్మడం మొదలుపెట్టింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన చూడకుండా అచ్చయిన పేజీ అదొక్కటే.

శుక్రవారం పొద్దున ఆఫీసులో అడుగుపెట్టగానే రిజిస్ట్రారు గారు పిలిపించారు. ఆయన ఆ కుర్చీలోకి వచ్చి ఆరు నెలలే అయింది. పుస్తకం ఆయన బల్ల మీద ఉంది, మొహం వెలిగిపోతోంది. ఇంత గొప్ప మనిషి మన దగ్గర చదివారని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమని అడుగుతూనే ఫోను కలిపి, బాబాయ్ కూడా వినాలని స్పీకరు పెట్టారు.

"మేడమ్, రేపు మీ చేతి పనితనం ఇక్కడ అందరూ చూడాలని మా కోరిక."

"నేను రిటైరై పద్నాలుగేళ్లయింది బాబూ. అక్కడ అంత అవసరమేమొచ్చింది?" అంది ఇంజనీరమ్మ గొంతు.

"క్యాంటీన్ దగ్గర మేడమ్. పిల్లలు నెల్లాళ్లుగా నానా అవస్థ పడుతున్నారు."

"తెలుసు. పేపర్లో చదివాను."

రిజిస్ట్రారు గారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, మన క్యాంటీన్ తిండి సంగతి పేపర్లో కూడా పడిందా అన్నట్టు బాబాయ్‌ని గుడ్లురిమి చూశారు. బాబాయ్‌కి ఆ చూపు అర్థం కాలేదు. పెద్ద భవనానికీ క్యాంటీన్‌కూ మధ్య కాలువ ఉంది. దాని మీది నడకవంతెన పోయిన నెల వానలకు కొట్టుకుపోయింది. అప్పటినుంచి అందరూ అరమైలు చుట్టూ తిరిగి వెళుతున్నారు. పేపర్లో పడింది ఆ సంగతే. ఇన్నాళ్లకు ఈ పెద్దమనిషి ఒక మంచి పని తలపెట్టాడని బాబాయ్ లోలోపల మెచ్చుకున్నాడు.

"ఎంతమంది?" అని అడిగిందావిడ.

"నాలుగు వందలు మేడమ్."

"ఒకేసారా, విడతలుగానా?"

"వందేసి మంది. వచ్చేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ, కాస్త మెత్తగా ఉంటే బాగుంటుంది."

"మెత్తగా ఉంటే ప్రాణాలకే ముప్పు. గట్టిగానే చేస్తాను. ఎన్నాళ్లు నిలవాలి?"

"సాయంత్రం దాకా నిలిస్తే చాలు మేడమ్."

ఆవిడ, "సాయంత్రానికి పాడయ్యేవి నేనెప్పుడూ చెయ్యలేదు. నావి యాభై ఏళ్లు నిలుస్తాయి. సామాను నేనే తెచ్చుకుంటా" అని ఫోను పెట్టేసింది.

రిజిస్ట్రారు గారు కుర్చీలో వెనక్కి వాలి, "యాభై ఏళ్లు నిలవుంటాయట. వండితే అలా వండాలి" అన్నారు.

"వండటమేమిటండీ?" అన్నాడు బాబాయ్.

రిజిస్ట్రారు గారు పందొమ్మిదో పేజీ తీసి చూపించారు.

బాబాయ్ చెయ్యి జేబులోని ఎర్రకలం మీదికి పోయింది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. అదే క్షణంలో రిజిస్ట్రారు గారు, ఇంత శుద్ధంగా అచ్చయిన పుస్తకం తన ఉద్యోగంలో చూడలేదని, సూపరింటెండెంటు పదవికి ఆయన పేరు రాసి పంపానని చెప్పారు. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. మింగలేక, కక్కలేక బాబాయ్ తన గదికి వచ్చి ఇంజనీరమ్మకు ఫోను చేశాడు. ఎన్నిసార్లు మోగినా ఎత్తలేదు. అప్పటికే ఆవిడ కలప అడితిలో దూలాలు ఎంచుతోందని ఆయనకు తెలియదు.

ఈలోగా రిజిస్ట్రారు గారు క్యాంటీన్ మేనేజరును పిలిచి, రేపు ఒక మహా వంటమనిషి వస్తున్నారు, నువ్వు పక్కన నిలబడి గరిటె అందిస్తే చాలన్నారు. మేనేజరు పద్దెనిమిదేళ్లుగా ఆ పొయ్యిల ముందు నిలబడ్డవాడు, రోషగాడు. పైగా ముప్పై ఏడు రకాల్లో ఒక్కటీ మాడ్చని మనిషి తన కూర రుచి చూస్తుందంటే ఒళ్లంతా చెమట పట్టింది. తాళాలు కిటికీలో పెట్టి, జ్వరమని చీటీ రాసి, కాలువ అవతల ఉన్న తన ఇంటికి పోయి పడుకున్నాడు. అతను లేనిదే మేమెందుకని నలుగురు వంటవాళ్లూ వెళ్లిపోయారు.

ఇంట్లో బాబాయ్ భార్య సంగతంతా విని, పొద్దున్నే వెళ్లి ముందు ఆవిడకు చెప్పేయండి, తిడితే పడండి, ఇన్నేళ్లు అందరి తప్పులూ మీరు దిద్దారు, మీది ఒకటి ఇంకొకరు దిద్దితే కొంపలు మునగవు అంది.

శనివారం ఏడింటికే గేటు ముందు లారీ ఆగింది. దూలాలు, పలకలు, ఇనుప గొట్టాలు, ఒక బస్తా బోల్టులు. డ్రైవరు పక్కనుంచి పొట్టిగా, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ దిగింది. కాళ్లకు గుడ్డ బూట్లు, మెడలో కొలతల టేపు. వెనక నుంచి నలుగురు పనివాళ్లు దిగారు. అందరివీ నెరిసిన తలలే. ఆవిడ చివరి పదకొండు వంతెనలూ కట్టింది వాళ్లే.

బాబాయ్ ఎదురెళ్లి చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పాడు. కుళాయితో సహా చెప్పాడు. ఆవిడ పుస్తకం తీసుకుని పందొమ్మిదో పేజీ నిదానంగా చదివింది.

"శుద్ధ అబద్ధం. నేను పొయ్యి ముట్టుకుంటే నీళ్లు కూడా మాడతాయి" అంది.

"క్షమించండమ్మా. తిరిగి వెళ్లిపోతానంటే లారీ ఖర్చు నేను..."

"కాలువ అక్కడే ఉందా?"

"ఉందమ్మా."

"వంతెన లేదుగా?"

"లేదమ్మా."

"మరి తిరిగి వెళ్లడమెందుకు?" అని ఆవిడ టేపు తీసి నడిచింది.

నడుస్తూనే చెప్పింది. ఆవిడ చదువుకునే రోజుల్లో కాలువ మీద వంతెనే లేదు, రాళ్ల మీద నుంచి దాటేవాళ్లు. చివరి పరీక్షకు గీసుకున్న బొమ్మలన్నీ చంకలో పెట్టుకుని దాటుతూ ఆవిడ జారింది. ఆర్నెల్ల పని కళ్లముందే కొట్టుకుపోయింది. మూడు రాత్రులు కూర్చుని మళ్లీ గీసింది. ముప్పై ఏడు చోట్ల ఎంతెంత నదులో దాటించింది గాని, ఈ పిల్లకాలువ బాకీ మాత్రం అలాగే ఉండిపోయిందంది.

ఎనిమిదింటికి రిజిస్ట్రారు గారు కొత్త ఏప్రాన్ ఒకటి పళ్లెంలో పెట్టించుకుని వచ్చారు. ఆయన ఎదురుచూసిన మహా వంటమనిషి మోకాలి లోతు నీళ్లలో నిలబడి రసమట్టం పెట్టి వాలు చూస్తోంది. బాబాయ్ ఆయనకు కూడా చెప్పాడు. రిజిస్ట్రారు గారి మొహంలో రంగులు మారాయి. సోమవారం నీ సంగతి చూస్తానన్నారు. తర్వాత అసలు సంగతి తట్టింది. నాలుగు వందల మందికి భోజనం ఎవరు పెడతారు?

బాబాయ్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని కాలువలోకి దిగాడు. మడత ప్రయోజనం నాలుగడుగుల్లో అయిపోయింది. నడుం దాకా తడిసి అవతల గట్టెక్కి, మేనేజరు ఇంటి తలుపు తట్టాడు. మేనేజరు దుప్పటి ముసుగులోంచి, తను ఎవరికీ గరిటె అందించలేనన్నాడు. బాబాయ్ తలపాగాలా చుట్టుకున్న రుమాలులోంచి, తడవకుండా దాచిన ఆవిడ కార్డు తీసి చూపించాడు.

మేనేజరు అది చదివి లేచి కూర్చున్నాడు. "వంతెనల ఆవిడా? ఆవిడకు వంట రాదా?"

"నీళ్లు కూడా మాడుస్తారట."

జ్వరం అక్కడికక్కడే దిగిపోయింది. వంటవాళ్లకు కబురు వెళ్లింది, అరగంటలో పొయ్యిలు అంటుకున్నాయి. అయితే మేనేజరు ఒక మాట అన్నాడు. వంట ఒంటిగంటకు అవుతుంది, కాని అంతమంది ముసలివాళ్లు అరమైలు చుట్టూ తిరిగి ఎండలో ఎలా వస్తారు? బాబాయ్ కిటికీలోంచి కాలువ వైపు చూపించాడు. అప్పటికే రెండు దూలాలు గట్టు నుంచి గట్టుకు పడి ఉన్నాయి.

తొమ్మిదింటికి వచ్చిన అతిథులు సుత్తుల చప్పుడు విని, సభ వదిలి కాలువ గట్టుకు చేరారు. బాబాయ్ ఇరవై తొమ్మిదేళ్లుగా కాగితాల మీద చూసిన మనుషులు కళ్లముందు పలకలు మోశారు. ఖగోళ శాస్త్రవేత్త రసమట్టం పట్టుకున్నాడు. జడ్జి గారు బోల్టులు లెక్కపెట్టి అందించారు, ఒకటి తక్కువైందని పనివాణ్ణి నిలదీశారు కూడా. కంటి డాక్టరు తాడు ముడి వేస్తుంటే ఇంజనీరమ్మ చూసి, "డాక్టరు గారూ, అది రెప్ప కాదు, దూలం. బిగించండి" అంది. ఆయన పసివాడిలా తలాడించి బిగించాడు.

ఒంటిగంటకు పది నిమిషాలుండగా వంతెన పూర్తయింది. బరువు పెట్టి చూడాలి, ఏదైనా బరువైంది తెమ్మంది ఆవిడ. మేనేజరు నలుగురు వంటవాళ్ల చేత అన్నం గుండిగ ఎత్తించాడు. నూరు మందికి సరిపడే గుండిగ. వాళ్లు పలక మీద కాలు పెట్టేలోగా ఇంజనీరమ్మ మళ్లీ కాలువలోకి దిగి, సరిగ్గా వంతెన కింద నిలబడింది. రిజిస్ట్రారు గారు పైకి రమ్మని బతిమాలారు.

"ముప్పై ఏడింటి కిందా నిలబడ్డాను. మొదటి బండి వెళ్లేటప్పుడు కట్టినవాళ్లు కింద ఉండాలి. లేకపోతే పైన వెళ్లేవాళ్లకు ధైర్యం ఎవరిస్తారు?" అంది.

గుండిగ దాటింది. పలక చిన్న కిర్రు కూడా అనలేదు. బాబాయ్ చెయ్యి అందించి ఆవిణ్ణి పైకి లాగాడు. అప్పుడావిడ రిజిస్ట్రారు గారితో చెప్పింది, ముప్పై ఏడు వంతెనల ప్రారంభాలకూ మంత్రులను పిలిచారు, తనను మొదటిసారి ఎవరైనా పిలిచింది ఇదేనని, పిలిపించిన గుమాస్తాను జాగ్రత్తగా చూసుకోమని. జడ్జి గారు పక్కనే నిలబడి ఆ మాటను శ్రద్ధగా విన్నారు. జడ్జి గారు విన్నారన్న సంగతిని రిజిస్ట్రారు గారు ఇంకా శ్రద్ధగా గమనించారు.

సోమవారం చూస్తానన్న సంగతి ఏ సోమవారమూ పైకి రాలేదు. చర్య తీసుకోవాలంటే తప్పు కాగితం మీద పెట్టాలి. పెడితే వంతెన ఎలా వచ్చిందో కూడా రాయాలి. అప్పటికే డాక్టరు గారు, శాస్త్రవేత్త, ఇంకా పదిమంది ఇంత మంచి ఆలోచన చేసినందుకు రిజిస్ట్రారు గారి చెయ్యి పట్టుకుని ఊపేశారు, ఆయన కాదనలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం వందేసి మంది చొప్పున అందరూ కాలువ దాటి భోజనాలకు వెళ్లారు. బాబాయ్ తడిబట్టలతోనే ఇంజనీరమ్మ పక్కన కూర్చుని తిన్నాడు. మేనేజరు తనే దగ్గరుండి వడ్డించాడు. కూర ఎలా ఉందని అడిగితే ఆవిడ, తనకంత తెలియదు గాని ఇంకొంచెం వెయ్యమంది. తిన్నవాళ్లకు లేవాలనిపించలేదు, యాభై ఏళ్ల కబుర్లు మొదలయ్యాయి.

ఇవతల, కార్యక్రమ పత్రం ప్రకారం సరిగ్గా రెండింటికి రిజిస్ట్రారు గారు వేదికెక్కి విశ్వవిద్యాలయ ఘనత మీద నలభై నిమిషాలు మాట్లాడారు. నాలుగు వందల కుర్చీలూ చివరిదాకా కదలకుండా విన్నాయి.