నల్లదిన్నె ప్రయాణికుల లెక్క

మనిషి ఎక్కడికి పోవాలో మనిషికి తెలియదని, అది సర్వేకే తెలుస్తుందని కొత్త రైలు స్టేషన్ల స్థల నిర్ణయ మండలి తన మొదటి సమావేశంలోనే ఏకగ్రీవంగా తీర్మానించింది. (సభ్యులందరూ ఆ సమావేశానికి కార్లలో వచ్చారు.) గద్వాల చుట్టూ ఏది ఊరో ఏది వెంచరో తెలియనంతగా ఇళ్లు పెరిగాయి కాబట్టి, లోకల్ రైళ్ల కోసం పదకొండు కొత్త స్టేషన్లు కావాలట. పరిశీలించాల్సిన ఊళ్ల జాబితాలో నల్లదిన్నె పేరు చూసి పద్మజకు ప్రాణం లేచొచ్చింది.

పద్మజ గద్వాలలో గోవర్ధన్ సేటు చీరల దుకాణంలో పనిచేస్తుంది. విప్పి చూపిన చీరలను మళ్లీ మడత పెట్టడం ఆమె పని. పొద్దున తొమ్మిదిన్నరకల్లా అక్కడుండాలి. నల్లదిన్నె షేర్ ఆటో పద్నాలుగు మంది నిండితే తప్ప కదలదు, ఆ పద్నాలుగో మనిషి ఎప్పుడూ తీరిగ్గానే వస్తాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే పిల్లను పెట్టుకుంటానని సేటు చెప్పేశాడు. ఊరి పక్కనుంచే రైళ్లు పోతుంటాయి గానీ ఆగవు.

సోమవారం ఏడు నుంచి పది దాకా రోజువారీ ప్రయాణికుల సర్వే ఉంటుందని, ప్రజలు సహకరించాలని కాగితం వచ్చింది. సర్పంచ్ నర్సింహులు మర్యాద తెలిసిన మనిషి. లెక్కపెట్టడానికి సారు వస్తుంటే ఊరొదిలి పోవడం బాగుండదని మైకులో చెప్పించాడు. రోజూ గద్వాలకు పోయే నూట ఇరవై మందీ సెలవు పెట్టి, తలకు పోసుకుని, ఆధార్ కార్డులు చేతబట్టుకుని అరుగుల మీద కూర్చున్నారు. సేటును బతిమాలి పద్మజ కూడా కూర్చుంది.

సర్వేయర్ వినయ్ ఊళ్లోకి రానేలేదు. ఆటో అడ్డా దగ్గర ట్యాబ్ పట్టుకుని మూడు గంటలు నిలబడ్డాడు. ఒక్కరూ ఆటో ఎక్కలేదు. నర్సింహులు టీ తెచ్చి, "అందరు మీ కోసమే ఇంటికాడ ఉన్నరు సార్" అన్నాడు.

"ఇంట్లో ఉన్నవాళ్లు ప్రయాణికులు ఎలా అవుతారండీ?" అన్నాడు వినయ్, టీ తాగాక. అదీ నిజమే కాబట్టి నర్సింహులు ఖాళీ గ్లాసు అందుకున్నాడు.

ప్రయాణికులు సున్నా అని నివేదిక వచ్చింది. ఉన్న ఊళ్లోనే సంతోషంగా ఉంటున్నందుకు మండలి నల్లదిన్నెను అభినందించింది.

పద్మజ ఊరుకోలేదు. తన పేరు మీదే ఫిర్యాదు పెట్టింది. నిబంధన పన్నెండు ప్రకారం (దాన్ని అంతకుముందు ఎవరూ చదవలేదు) మళ్లీ సర్వేకు అనుమతి వచ్చింది. ఈసారి ఇంట్లో ఎవరూ ఉండకూడదని మైకు చెప్పింది. కర్రతో నడిచే తిరుపతమ్మతో సహా ఊరంతా రోడ్డెక్కింది. ఉన్న మూడు ఆటోల్లో ఎక్కడం, మలుపు దాకా పోయి దిగడం, నడిచొచ్చి మళ్లీ ఎక్కడం. ఆరు వందల జనాభా గల ఊళ్లో పదింటికల్లా ఎనిమిది వందల నలభై మంది ప్రయాణికులు తేలారు.

గద్వాల దాకా పోనివ్వమని పద్మజ ఆటో మల్లన్న కాళ్లావేళ్లా పడింది.

"స్టేషన్ వచ్చినంక రోజు పోవచ్చు చెల్లె, ఇయ్యాల లెక్క ముఖ్యం" అన్నాడతను.

ఆమె దుకాణం చేరేసరికి పదకొండున్నర. అప్పటికే ఇంకో పిల్ల కూర్చుని చీరలు మడత పెడుతోంది. సేటు ఒక్క మాట కూడా తిట్టలేదు. ఆయన తిట్టనందుకే పద్మజకు ఏడుపొచ్చింది.

మూడు ఆటోలు మూడు గంటల్లో ఎనిమిది వందల నలభై మందిని చేరవేస్తుంటే అక్కడ స్టేషన్ దండగని మండలి తేల్చింది. ముగ్గురు డ్రైవర్లకూ ప్రశంసాపత్రాలు పంపింది.

ఫిర్యాదు మాత్రం మూసేయకుండా మిగిలిపోయింది. ఆ పని మీద నెల తర్వాత వినయ్ వచ్చేసరికి పద్మజ ఇంటి ముందు పల్లికాయ ఒలుస్తోంది. ఇప్పటికీ రైలు కావాలా అని అతను పద్ధతి ప్రకారం అడిగాడు.

"పని పోయింది సార్. ఇగ నేనేడికి పోత?"

వినయ్ ఆమె సంతకం తీసుకుని, ట్యాబ్‌లో జాగ్రత్తగా నింపాడు: ఫిర్యాదుదారుకు ప్రయాణ అవసరం తీరిపోయినందున సమస్య పూర్తిగా పరిష్కారమైనది.