ఫొటో చాటున చిక్కిన అక్షరసేన

దినమణి ఎదుటి మేడల అంచున వాలగా, వీధి సమస్తమూ పసుపుపచ్చని వెలుగున తేలియాడు సంధ్యాసమయాన, కింది గది ఖాళీ చేసి ఆనాడే పై అంతస్తుకు తరలిన కుట్టు అంగడిలో, గుడ్డపీలికలు శత్రుశిరస్సుల వలె చుట్టూ చెదిరి పడి ఉండగా, సూచీశస్త్రధారిణి, టేపుకంఠహారభూషిత, వందల కాలర్లను లొంగదీసిన దర్జీయైన ఇల్లాలు కంప్యూటరు ఎదుట సమరానికి కూర్చున్నది.

రేపు పొద్దున్నే వచ్చి కింద తాళం చూసి వెనుదిరిగే గిరాకీలను మెట్లెక్కించే ప్రకటన ఒకటి కావాలి. ప్రింటు దుకాణం మూసేలోపు కావాలి. అన్నిటినీ మించి, తన చేత్తోనే కావాలి. భోజనాల వేళ భర్త, "నీకెందుకే ఆ తలనొప్పి, పిల్లకిచ్చెయ్" అన్న మాట శూలమై ఇంకా గుచ్చుకుంటూనే ఉన్నది.

బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేరులో ఆరితేరిన కూతురు సారథ్యం వహించింది.

"నేను మౌస్ ముట్టనమ్మా. మళ్లీ నాన్న నేనే చేశానంటారు."

"నిన్నెవరు ముట్టమన్నారే!"

కుట్టుమిషను ఫొటో తెర నిండా పరచుకున్నది. ఇక వాక్యం. ఏ బట్టయినా అడుగు అంచు సరిచూసి గానీ మొదలుపెట్టని వీరనారి, అలవాటు కొద్దీ తెర పక్కన వరుసగా ఉన్న గడుల్లో అట్టడుగుదాన్ని నొక్కి టైపు చేసింది: "కుట్టు అంగడి పై అంతస్తులో ఉంది." అక్షరమొక్కటీ కనబడలేదు. మళ్లీ అడుగు గడి నొక్కి, పెద్ద అక్షరాలతో కొట్టింది. శూన్యం. ఎర్ర రంగుతో కొట్టింది. మహాశూన్యం!

"ఓరీ వర్ణభక్షకా, యంత్రాధమా! కత్తెర పట్టిన ఈ కరమెట్టిదో ఎరుగవా!" అని ఆమె అంతరంగం గర్జించింది. పైకి మాత్రం, "ఒసేయ్, ఇది మొత్తం మింగేస్తోందే!" అన్నది.

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. "మింగలేదమ్మా. ఆ వరుసలో ఫొటో గడి పక్కనున్న కన్ను గుర్తు నొక్కు."

నొక్కింది. ఫొటో మాయమైంది. దాని మరుగు నుంచి, చిన్నవీ పెద్దవీ ఎర్రవీ, ఒకదాని భుజాలపై ఒకటెక్కి, వాక్యసేన సమస్తమూ బయటపడింది!

"ఇవన్నీ పొరలమ్మా. అడుగున రాస్తే పైనున్న ఫొటో కప్పేస్తుంది."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! గుడ్డ లోపలికీ లైనింగు పైకీ పెట్టానన్నమాట."

కన్ను గుర్తు మళ్లీ నొక్కి ఫొటోను రప్పించింది. ఎర్ర వాక్యపు పొరను మౌస్‌తో ఒడిసిపట్టి, ఊపిరి బిగబట్టి, ఫొటో మీదికి లాగింది. వాక్యం ధగధగలాడింది.

"అడుగున మిగిలినవి తీసెయ్యమ్మా."

"ఉండనీవే. కుట్టు లోపల కాస్త గుడ్డ వదలమూ? రేపెప్పుడైనా పనికొస్తుంది."

ప్రింటు దుకాణం షట్టరు సగం దిగి ఉండగా కూతురు దాని కింద దూరి తెచ్చిన కాగితం, మెట్ల మొదట గోడకెక్కింది. పని నుంచి వచ్చిన భర్త ఆగి చదివాడు.

"బానే ఉందే! పిల్ల చేసిందా?"

"నేను మౌస్ ముట్టనేలేదు నాన్నా."

ఆయన కాగితం ఇంకోసారి చదివి మెట్లెక్కాడు. ఆ విధంగా, ముల్లోకములు తమ పనుల్లో తామున్న ఆ సాయంకాలమున, ఒక వాక్యము ఒక ఫొటో మీదికి ఎక్కెను. ఒక భర్త, కాగితము చెప్పిన దారినే, తన ఇల్లాలి అంగడికి ఎక్కెను. జయము! జయము!