ఇంజను గదిలో పన్నెండో మనిషి

విశ్వేశ్వరరావు ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇంజను గది ఒకసారి చూసి తాళం వేయాలి. పదకొండింటికి విశాఖపట్నం నుంచి వచ్చే ఓడల కంపెనీ అధికారి సీతారామయ్యకు, ఆ గది మనిషి లేకుండానే నడుస్తుందని చూపించాలి. తర్వాత ఇంటికెళ్లి భోంచేసి పడుకోవాలి.

ముప్పై ఏళ్లు ఓడల్లో ఇంజనీరుగా తిరిగి రిటైరైన ఆయన, 1999లో మాదాపూర్‌లోని ఒక కొత్త అద్దాల భవనంలో మధుకర్ పెట్టిన చిన్న కంపెనీకి సలహాదారు. కాపలా ఎల్లేశంతో కలిపి కంపెనీలో పదకొండు మంది. ఓడలో ఇంజను గదిని కంప్యూటరే కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు వాళ్లు తయారు చేస్తున్నారు. పరీక్ష కోసం సెల్లారులో పాత ఓడ జనరేటరు ఒకటి బిగించి, దాన్నే ఇంజను గదిగా మార్చారు. దాని అలారం బోర్డు నాలుగో అంతస్తులోని ఆఫీసులో ఉంది.

ఆ బోర్డు మీదా, సెల్లారు గుమ్మం మీదా ఆయన పట్టుబట్టి ఒక్కో పచ్చదీపం పెట్టించాడు. లోపలికి వెళ్లేవాళ్లు గుమ్మం బయట స్విచ్ వేస్తే దీపాలు వెలుగుతాయి. ఇరవై ఏడు నిమిషాలకోసారి లోపల బజరు మోగుతుంది. లోపలి మనిషి గోడమీది బొత్తాం నొక్కితే క్షేమమని అర్థం. దీపాలు రెండుసార్లు మిణుకుమంటాయి. నొక్కకపోతే మూడు నిమిషాల్లో భవనమంతా గంటలు మోగుతాయి. బయటికొచ్చాక స్విచ్ తీసేయాలి.

తొమ్మిదిన్నరకు ఆయన కాఫీ తాగుతూ బోర్డు వైపు చూశాడు. పచ్చదీపం వెలుగుతోంది. చూస్తుండగానే రెండుసార్లు మిణుకుమంది.

తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

"స్విచ్ తీసుడు మర్చిపోయిండ్రేమో సార్," అన్నాడు మధుకర్.

"మర్చిపోయాననే అనుకుందాం. బొత్తాం ఎవరు నొక్కారండీ?"

"సాఫ్ట్‌వేర్ బగ్ సార్. ఫికర్ చేయకుండ్రి." మధుకర్ ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టించాడు. సరిగ్గా సమయానికి దీపం మళ్లీ మిణుకుమంది.

కిందికెళ్లి చూస్తానని విశ్వేశ్వరరావు లేచాడు. మధుకర్ అడ్డుపడ్డాడు. "ఇప్పుడు డోర్ తీస్తే, ఎనిమిదింటి నుంచి మనిషి లేకుండ నడిచిందన్న రికార్డు పోతది సార్. ఇంకో గంట ఆగుండ్రి."

సరే, కనీసం ఫోన్ చేద్దామని విశ్వేశ్వరరావు సెల్లారు నంబరు తిప్పాడు. నాలుగోసారి మోగాక అవతల ఎవరో రిసీవరు ఎత్తారు. ఇంజను హోరు. ఆ హోరు అడుగు నుంచి సన్నగా, సాగదీసినట్టుగా ఒక ఆడగొంతు. ఒక్క అక్షరమే ఆయనకు అందింది.

"రా..."

ఆయన రిసీవరు పెట్టేశాడు. 

టీ ఇవ్వడానికి వచ్చిన ఎల్లేశం ఆయన మొహం చూసి సంగతి అడిగాడు. విన్నాక గొంతు తగ్గించాడు. "ఈ సెల్లారుకు బండలు పేల్చినప్పుడు ఒక కూలామె కనవడకుంట పోయింది సార్. హాజరీల ఆమె పేరు లేకుండె. అందుకే ఎవలూ దేవులాడలే."

పది నిమిషాల్లో ఆ మాట ఫ్లోరంతా పాకింది. మొదట ఒకమ్మాయి గొడుగు తీసుకుని బయటికెళ్లింది. తర్వాత ఇద్దరు టీ తాగొస్తామన్నారు. పదిన్నరకల్లా ఎల్లేశం తప్ప కంపెనీ మొత్తం గేటు దగ్గర తుంపరలో నిలబడి ఉంది. ముందుగానే వచ్చేసిన సీతారామయ్య కారు దిగి, ఆ వరుస చూసి మెచ్చుకున్నారు. "డ్రిల్లు చేయిస్తున్నారా? మంచి అలవాటండీ."

మధుకర్ కాదనలేదు.

అదే సమయంలో ఎల్లేశం, తనకు తోచిన శాంతిగా, సెల్లారులోకి గాలి పోయే కంత దగ్గర సాంబ్రాణి పొగ వేశాడు. గాలిపంకా ఆ పొగనంతా లోపలికి పీల్చింది. పొగ అలారం గంటలు మోగాయి. సెల్లారు గుమ్మం దగ్గర ఎర్రదీపం వెలిగింది.

అందరూ అక్కడికి పరుగెత్తారు. "ఇంజను గదిలో పొగ. ఇప్పుడేం చేస్తారండీ?" అని సీతారామయ్య అడిగారు.

"అందర్ని లెక్కవెట్టి, లోపల ఎవ్వరు లేకుంటే గ్యాస్ వదుల్తం సార్." మధుకర్ రిజిస్టరు తెరిచి పేర్లు చదివాడు. పదకొండు గొంతులు పలికాయి. సాంబ్రాణి సంగతి చెప్పే ధైర్యం చాలక ఎల్లేశం కూడా తన పేరుకే పలికి ఊరుకున్నాడు. "లెక్క సరిపోయింది. లాగుండ్రి సార్."

విశ్వేశ్వరరావు గుమ్మం పక్కనున్న ఎర్ర పిడి మీద చెయ్యి వేశాడు. దాన్ని లాగితే లోపల నిండే గ్యాసు మంటతో పాటు మనిషి ఊపిరినీ ఆర్పేస్తుంది. ముప్పై ఏళ్లూ ఆయన రిజిస్టరునే నమ్మాడు. రిజిస్టరు లోపల ఎవరూ లేరంటోంది.

గుమ్మం మీద పచ్చదీపం రెండుసార్లు మిణుకుమంది.

"అది బగ్ సార్," అన్నాడు మధుకర్. 

"దయ్యమే అవనివ్వండి. మొహం చూడకుండా మాత్రం గ్యాస్ వదలను." విశ్వేశ్వరరావు పిడి వదిలేసి తాళం తీశాడు. 

తలుపు తెరుచుకోగానే వేడిగాలి, నూనెవాసన, సాంబ్రాణి పొగ ఒక్కసారిగా మీదికొచ్చాయి. ఆ పొగలోంచి జుట్టు విరబోసుకున్న ఆకారం ఒకటి నెమ్మదిగా నడిచొచ్చింది. ఎల్లేశం గేటు దాకా పరుగెత్తాడు.

"ఏంది సార్ గిది," అంది ఊడ్చే సక్కుబాయి, చేతిలో నూనెగుడ్డతో. "ఆ డబ్బా మొత్తుకున్నప్పుడల్లా బొత్తాం నొక్కుతున్న. ఫోన్‌ల జల్ది రాండ్రి అని ఒర్లిన. ఒక్కలన్న రారేంది?"

పొద్దున విశ్వేశ్వరరావు గది చూస్తుండగా, విశాఖపట్నం నుంచి పెద్దసారు వస్తున్నాడని నూనెమరకలు తుడవడానికి ఆమె ఇంజను వెనక్కి వెళ్లింది. ఆయన ఆమెను గమనించలేదు; స్విచ్ తీయడం మరిచి, తాళం వేసి వెళ్లిపోయాడు. తలుపును లోపలినుంచి తెరిచే పిడి వడ్రంగి ఇంకా బిగించలేదు. సాయం కోసం ఆమె బొత్తాం నొక్కిన ప్రతిసారీ పైనవాళ్లకు క్షేమమనే కబురు అందింది. ఒక్కసారి నొక్కకుండా ఊరుకుంటే భవనమంతా పరుగెత్తుకొచ్చేది.

"తప్పు నాదమ్మా," అన్నాడు విశ్వేశ్వరరావు. 

"పోనీ తియ్యుండ్రి సార్. ఆ ఎర్ర పిడి దేనికి, అందరు దాన్నే చూస్తున్నరు?"

మధుకర్ జరిగి ఆ పిడికి అడ్డంగా నిలబడ్డాడు.

రిజిస్టరులో సక్కుబాయి పేరు ఎందుకు లేదని సీతారామయ్య అడిగారు. కాంట్రాక్టరు మనిషి కాబట్టి రాయలేదని మధుకర్ నేల చూస్తూ చెప్పాడు. బేరం పోయిందనే అనుకున్నాడు. సీతారామయ్య పచ్చదీపం వైపు వేలు చూపించారు. "మీ యంత్రం సరిగ్గానే పనిచేసిందండీ. మేం కొంటాం. ముందు తలుపుకు లోపలి పిడి బిగించండి. రిజిస్టరు బాగుచేయండి."

ఆ సాయంత్రమే పన్నెండో పేరు రాశారు. పేరున్నవాళ్లకు సెలవు కూడా ఉంటుందని ఎల్లేశం చెప్పడంతో, సక్కుబాయి మర్నాడు పనికి రాలేదు.