తియోఫిలా ఎగరేసిన ఊదా జెండా

ఆ శనివారం పొద్దున తియోఫిలాకు చేయవలసిన పనులు రెండే ఉన్నాయి. ఒకటి, మొగుణ్ణి ఉరుబాంబా సంతకు తోలడం. రెండు, ఇంటి ముందు గడకు వేలాడుతున్న ఎర్ర సంచిని పీకి పారేయడం.

ఆ లోయలో గడ చివర ఎర్ర సంచి కనిపిస్తే ఆ ఇంట్లో చీచా సిద్ధంగా ఉందని అర్థం. మొక్కజొన్నను మొలకెత్తించి, ఉడికించి, పులియబెట్టిన ఆ కల్లు కోసం దారినపోయే వాళ్ళు తలెత్తి సంచి చూసుకుని లోపలికి వచ్చేస్తారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఒక్క వీధిలోనే నాలుగు ఎర్ర సంచులున్నాయి. అన్నిటికంటే పెద్దది బస్సు ఆగే మలుపులో గుమర్సిందాది. ఊరి పండగకు చీచా పోసే ఘనత కొన్నేళ్ళుగా ఆవిడకే దక్కుతోంది. పండగలో ఎవరి చీచా పోస్తే ఏడాదంతా జనం వాళ్ళ గడపే తొక్కుతారు. ఈసారి కూడా అది చేజారితే తియోఫిలా కుండలు బోర్లించుకుని మొగుడితో పాటు బంగాళాదుంపలు తవ్వుకోవలసిందే. రుచి చూడడానికి పండగ పెద్ద దొన్ కసిమీరో ఆ రోజే వస్తానన్నాడు.

అంతకు ముందు రోజు రేడియోలో రాజధాని లిమా నుంచి పెద్దమనిషి ఒకడు వ్యాపారం గురించి గంటసేపు ఊదరగొట్టాడు. అందరిలా ఉంటే మిమ్మల్నెవరు గుర్తుపెట్టుకుంటారు, మీకంటూ ఒక బ్రాండ్ ఉండాలి, ఒక రంగుండాలి, చూడగానే మీరే గుర్తుకు రావాలి అన్నాడు. తియోఫిలా పొయ్యిలో కట్టె తొయ్యడం మరిచిపోయి మరీ వింది. పెట్టె అడుగున దాచుకున్న ఊదారంగు మఖమల్ పావడాను ఆ రాత్రే కత్తిరించింది.

"నల్లగా ఉందేమోనే," అన్నాడు మొగుడు నికనోర్, తెల్లవారుతుండగా వీధిలో నిలబడి గడ చివర ఎగురుతున్న ఆ గుడ్డను చూస్తూ.

"ఊదా రంగు! నీ కళ్ళకి పొరలొచ్చినట్టున్నాయి. నువ్వెళ్ళు, బస్సు పోతుంది."

నికనోర్ వెళ్ళిపోయాడు. పెరట్లో నుంచి చూస్తే ఆ గుడ్డ ఊదా రంగులో ధగధగలాడుతోంది. వీధిలో నుంచి చూసేవాడికి మాత్రం ఎదురెండలో కాకి రెక్కలా కనిపిస్తోంది. ఆ ఊళ్ళో గడకు నల్లగుడ్డ కడితే అర్థం ఒక్కటే. ఆ ఇంట్లో ఎవరో పోయారు.

మొదట వచ్చినవాళ్ళు ఇద్దరు రైతులు. గుమ్మంలోనే టోపీలు తీశారు. తలలు వంచుకుని చెరో గ్లాసు తాగారు, ఆనవాయితీ ప్రకారం నాలుగు చుక్కలు నేలమీద ఒంపారు, తియోఫిలా భుజం తట్టి వెళ్ళిపోయారు. డబ్బులివ్వలేదు. అయినా ఆవిడ ఏమీ అనుకోలేదు. నిన్నటిదాకా "ఏయ్ పిల్లా, ఇంకో గ్లాసు పొయ్యి!" అని అరిచిన తాగుబోతులు ఇవాళ టోపీలు తీస్తున్నారు. బ్రాండ్ అంటే మజాకా అనుకుంది. తరువాత ఆరుగురు వచ్చారు. ఒకామె కొవ్వొత్తులు తెచ్చింది. ఇంకొకామె నమలడానికి కోకా ఆకులు తెచ్చి బల్లమీద పెట్టింది. ఇదేదో కొత్తగా ఉందే అని తియోఫిలా అనుకుంటుండగానే పక్కింటి లుక్రేసియా గుండెలు బాదుకుంటూ ఊడిపడింది.

"అయ్యో వదినా! మా నికనోర్ అన్నయ్యని ఆ దేవుడెట్లా తీసుకుపోయాడే! నిన్న కూడా నా గొర్రెని రాయెట్టి కొట్టాడే, ఎంత మంచోడే!"

తియోఫిలా నోరు వెళ్ళబెట్టింది. "ఎవరు పోయారంటావు? ఆయన..."

మాట పూర్తి కాలేదు. దొన్ కసిమీరో టోపీ ఛాతీకి ఆనించుకుని లోపలికి వచ్చాడు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఏమీ మాట్లాడకు తల్లీ. నిజం చెప్పేస్తున్నా, పండగ చీచా ఈసారి కూడా గుమర్సిందాకే ఇద్దామనుకున్నా. కానీ మొగుడు పోయి ఏడుస్తున్న ఆడదాన్ని కాదని ఇంకోళ్ళకిస్తే పండగ అందుకునే ఆ దేవత నన్ను క్షమిస్తుందా? పండగ నీదే. అందరి ముందూ మాటిస్తున్నా."

తియోఫిలా తెరిచిన నోరు మూసింది. ఒక్క క్షణం ఆలోచించింది. తరువాత శాలువా తలమీదికి లాక్కుని, ముఖం దాచుకుని, భుజాలు కుదుపుకుంటూ కూర్చుంది. పాపభీతి ఆవిడకు లేకపోలేదు, కాకపోతే ఆ భయమేదో పండగ అయ్యాక కూడా పడవచ్చు.

"శవం ఎక్కడుందమ్మా?" అడిగాడు కసిమీరో మెల్లగా.

"ఉరుబాంబాలో," అంది శాలువా లోపలినుంచి. "మధ్యాహ్నం బస్సుకి వస్తారు."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. కానీ శవం వచ్చేదాకా వచ్చినవాళ్ళు కదలకూడదు, కదలనివాళ్ళకు ఇంటివాళ్ళు తాగడానికి పోయాలి, దానికి డబ్బు అడగకూడదు. అది ఆ ఊరి పద్ధతి. గుడి గంట మోగింది. గంట విని పైవీధి వాళ్ళు వచ్చారు. పైవీధి వాళ్ళను చూసి అసలు నికనోర్ ఎవరో తెలియని వాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళే ఎక్కువ ఏడ్చారు, ఎక్కువ తాగారు. పెద్ద కుండ ఖాళీ అవుతుంటే తియోఫిలా నిజంగానే ఏడవడం మొదలుపెట్టింది.

ఈలోగా ఊరి మీదుగా ఉరుబాంబా చేరిన తరువాతి బస్సు డ్రైవరు సంతలో నికనోర్‌ను పట్టుకున్నాడు. "అన్నా, మీ ఇంటిమీద నల్లగుడ్డ ఎగురుతోంది!" అన్నాడు. పొద్దున ఎగిరింది ఊదా గుడ్డని పెళ్ళామే చెప్పింది, కాబట్టి ఈ నల్లది వేరే అనుకుని నికనోర్ తనను తాను తడిమి చూసుకున్నాడు. తను బతికే ఉన్నాడు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. నడిసంతలో కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

తిరుగు బస్సులో అతనికి ఇంకో దిగులు పట్టుకుంది. వచ్చినవాళ్ళకు పొయ్యడానికి చీచా కావాలి, చీచా చేసే మనిషి పోయింది. అందుకని మలుపులో దిగి నేరుగా గుమర్సిందా ఇంటికి వెళ్ళాడు. పొద్దుటి నుంచి నికనోర్ చనిపోయాడని వింటున్న గుమర్సిందా అతన్ని చూసి కెవ్వుమంది. అతను చెప్పింది విన్నాక మాత్రం ఆవిడకు సంగతి మొత్తం అర్థమైంది. అతనికి ఒక్క ముక్క చెప్పలేదు.

"దుఃఖంలో ఉన్నావు, డబ్బులొద్దు తమ్ముడూ," అంది తియ్యగా. "కుండ నేనే మోయించుకొస్తా. పద, నేనూ చూడాలి."

నికనోర్ గుమ్మంలోకి రాగానే అరిచాడు. "నన్నొదిలి ఎట్లా పోయావే తియోఫిలా!"

లోపల జనం ఒక్క పెట్టున లేచారు. కొందరు శిలువ గుర్తు వేసుకున్నారు, కొందరు గోడ దూకారు. లుక్రేసియా ఎవరైనా పట్టుకుంటారేమోనని అటూ ఇటూ చూసి, ఎవరూ రాకపోయినా మూర్ఛపోయింది.

"నువ్వు చావలేదా?" అన్నాడు నికనోర్, శాలువా కప్పుకున్న పెళ్ళాన్ని చూసి.

తియోఫిలా అతన్ని చూడడం లేదు. వెనక ఉన్న గుమర్సిందా కుండను చూస్తోంది. దాన్ని ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

"నేను చస్తే," అంది ఒక్కో మాటా నములుతూ, "నా చావుకి దాని కుడితి పోయిద్దామనుకున్నావా?"

"మరి నువ్వు లేవు కదే!"

"నేను లేకపోతే పస్తులుంచు! పంపునీళ్ళు పొయ్యి!"

దొన్ కసిమీరో టోపీ పెట్టుకున్నాడు. ఆ పెట్టుకోవడంలోనే తీర్పు ఉంది. "బతికున్న మొగుణ్ణి చంపి నా చేత ఏడిపించావు. పండగ గుమర్సిందాదే," అని వెళ్ళిపోయాడు. వెంట గుమర్సిందా, ఆ వెంట జనం, ఆఖరున మూర్ఛ లేచిన లుక్రేసియా వెళ్ళిపోయారు. మిగిలింది ఖాళీ కుండ. ఆ రాత్రి తియోఫిలా కడుపు మండి ఏడ్చింది. నికనోర్ పక్కన కూర్చుని, "నువ్వు బతికున్నావు, నాకదే చాలు," అన్నాడు. ఆవిడకు అది చాలలేదు.

కానీ ఆ బస్సు డ్రైవరుకు నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరిగేసరికి లోయ పొడవునా అదే కథ. ఎక్కడెక్కడి లారీల వాళ్ళో దిగి, ఎర్ర సంచులు దాటుకుంటూ వచ్చి, "చచ్చినోడి చీచా ఎక్కడ?" అని అడగసాగారు. గడకు ఏ రంగు గుడ్డ ఉందో ఒక్కడూ తలెత్తి చూడలేదు. పండగ రెండు రోజులుందనగా పండగలో ఆడే ముసుగు నృత్యం వాళ్ళు కూడా, చచ్చినోడి చీచా పొయ్యకపోతే అడుగు కదపమని తేల్చి చెప్పేశారు. దొన్ కసిమీరో మళ్ళీ టోపీ చేతపట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఇస్తాగానీ," అంది తియోఫిలా, "గుళ్ళో మైకులో మా చీచా పేరు చెప్పాలి. అదే పేరు."

అప్పటి నుంచి నికనోర్ పొద్దున్నే తలదువ్వుకుని గుమ్మం పక్క బెంచీమీద కూర్చుంటున్నాడు. వచ్చినవాళ్ళు అతన్ని గిల్లి చూసుకుని లోపలికి వెళుతున్నారు. పొలం వెళతానంటే తియోఫిలా ఒప్పుకోదు.

బతికుండగా ఏ పనికీ రాడనిపించుకున్న నికనోర్‌కు చచ్చాక ఉద్యోగం దొరికింది.